బురదలోంచి వచ్చిన బండి రోడ్డెక్కగానే ఎందుకు వణుకుతుంది, ఎందుకు మూలుగుతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజను బలం వెళ్లే బండి) కొని ఆరు నెలలైంది, నెలకు రెండుసార్లు బురదలోకీ ఇసుకలోకీ వాగుల్లోకీ తీసుకెళ్తున్నారు. తిరిగొచ్చాక 70 కిలోమీటర్ల వేగం దగ్గర స్టీరింగ్ వణుకుతోంది. మలుపుల్లో కింద ఏదో బిగుసుకుపోయినట్టు ఉంటోంది. గేరు వేసి కదిలించగానే ‘టక్’ మంటోంది. మైలేజీ పడిపోయింది. కుదుపులకు ఇంట్లోవాళ్లు ఎక్కనంటున్నారు. ఈ బండ్లన్నీ ఇంతేనా, అమ్మేయడం మేలా అని అడిగారు.

అమ్మకండి. వీటిలో ఎక్కువ భాగం బండి జబ్బులు కావు, వచ్చిన రోజు చెయ్యాల్సిన పని మర్నాటికి వాయిదా పడడం వల్ల వచ్చేవి. మామూలు కారుకు సర్వీసు తేదీ ఉంటే చాలు. ఈ బండికి మాత్రం బురదలోకి వెళ్లిన ప్రతిసారీ ఒక చిన్న సర్వీసు బాకీ పడుతుంది. అది రెండు గంటల పని. ఆ రెండు గంటలు ఎక్కడెక్కడ పెట్టాలో తెలిస్తే చికాకుల్లో ముప్పాతిక వంతు పోతుంది.

ముందు వణుకు సంగతి. చక్రం బ్యాలెన్స్ చేసేవాళ్లు రిమ్ముకు అతికించే బరువులు 5 గ్రాముల లెక్కలో ఉంటాయి. అలాంటిది రిమ్ము లోపలి వైపు ఒకేచోట గుప్పెడు బురద ఎండి ఉంటే ఏమవుతుందో ఊహించండి. బయటి నుంచి చూస్తే చక్రం తళతళలాడుతూనే ఉంటుంది, బురదంతా బ్రేకు వైపున దాక్కుంటుంది. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి ఆపండి, టార్చి వేసి రిమ్ము లోపలి గోడ చుట్టూ చూడండి, తర్వాత రెండో పక్కకు తిప్పి అవతలి చక్రం చూడండి. చెక్క పుల్లతోనో ప్లాస్టిక్ గరిటెతోనో గీకి నీళ్లు కొట్టండి. స్క్రూడ్రైవర్ వాడితే పెయింటు పోతుంది, అతికించిన బరువులూ ఊడిపోతాయి. తడిగా ఉన్నప్పుడు పది నిమిషాల్లో పోయే బురద ఎండితే గంట పని పెడుతుంది. వణుకు స్టీరింగ్‌లో తెలిస్తే ముందు చక్రాలు, సీటు కింద తెలిస్తే వెనక చక్రాలు అని గుర్తుపెట్టుకోండి. చక్రం తిరుగుతున్నంతసేపూ కీచుమని అరుస్తుంటే డిస్కుకూ దాని వెనక రేకుకూ మధ్య చిన్న రాయి ఇరుక్కుని ఉంటుంది. రేకును కాస్త వంచి రాయి రాలగొడితే సరిపోతుంది.

బురదంతా తీసి, బ్యాలెన్సింగ్ చేయించినా వణుకు పోకపోతే, మీ బండికి ముందు కూడా నిండు యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు) ఉన్నట్టయితే, పాన్‌హార్డ్ రాడ్ దగ్గర మొదలుపెట్టండి. యాక్సిల్ పక్కకు జరగకుండా ఛాసిస్‌కు కట్టి ఉంచేది అదే. పరీక్ష చాలా తేలిక: చక్రాలు నేల మీదే ఉంచి, ఇంజను ఆన్ చేసి, ఒకరు స్టీరింగ్‌ను అటో నాలుగు వేళ్లు ఇటో నాలుగు వేళ్లు వడివడిగా ఊపాలి. రెండోవారు పక్క నుంచి ఆ రాడ్ రెండు చివర్లనూ చూడాలి. బోల్టు చుట్టూ ఏమాత్రం కదలిక కనిపించినా, బుష్ (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగు) దగ్గర చెయ్యి పెడితే చిన్న దెబ్బ తగిలినట్టు అనిపించినా దొంగ దొరికినట్టే. తర్వాత టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు, హబ్ బేరింగులు అదే వరసలో చూడండి. బుష్ మార్చేటప్పుడు ఒక జాగ్రత్త: బోల్టు చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చెయ్యాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలి తిరిగిన స్థితిలో ఇరుక్కుంటుంది, కొత్త బుష్ కొద్ది నెలల్లోనే చీలుతుంది. చాలామంది ఇవేవీ చూడకుండా స్టీరింగ్ ఊపును అణిచే డంపర్ మారుస్తారు. కొత్త డంపర్ వణుకును కొన్నాళ్లు కప్పిపెడుతుంది, లోపల అరుగుదల మాత్రం సాగుతూనే ఉంటుంది. గుంతలో పడగానే స్టీరింగ్ చేతుల్లోంచి లాక్కున్నంతగా ఊగిపోయి, వేగం బాగా తగ్గితే తప్ప ఆగకపోతే అది చిన్న విషయం కాదు. గట్టిగా బ్రేకు కొట్టకుండా యాక్సిలరేటర్ వదిలి నెమ్మదించండి. కారణం దొరికేవరకు ఆ బండితో హైవే ఎక్కొద్దు.

మలుపుల్లో బిగుసుకోవడానికి కారణం దాదాపు ఖాయంగా మీరు ఫోర్ హైలోనే (నాలుగు చక్రాలకూ బలం వెళ్లే మామూలు వేగపు స్థితిలోనే) తారురోడ్డు మీదకు వచ్చెయ్యడం. బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ దూరం వెళ్తాయి. పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్‌లో (అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకూ బలం కలిపే బండిలో) ముందూ వెనకా వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే మధ్య డిఫరెన్షియల్ ఉండదు. బలాన్ని ముందుకూ వెనకకూ పంచే గేరు పెట్టె, అంటే ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు షాఫ్టునూ వెనక షాఫ్టునూ ఒకే వేగానికి కట్టేస్తుంది. బురదలోనో ఇసుకలోనో టైరు కాస్త జారి ఆ తేడాను మింగేస్తుంది. పొడి తారు మీద టైరు జారదు కాబట్టి ఆ తేడా అంతా షాఫ్టుల్లో, గేర్లలో మెలికగా పేరుకుంటుంది. స్టీరింగ్ బరువెక్కడం, బండి కుప్పిగంతులు వేసినట్టు కదలడం, చివరికి లీవరు టూ హైలోకి (వెనక చక్రాలకే బలం వెళ్లే స్థితిలోకి) రాకపోవడం అన్నీ దాని వరసే. లీవరును బలవంతంగా లాగకండి, లోపలి ఫోర్కు వంగుతుంది. రివర్సులో తిన్నగా పది మీటర్లు వెళ్తే మెలిక విప్పుకుని లీవరు దానంతట అదే జారి వస్తుంది. రాకపోతే ఒక పక్క చక్రాలను రోడ్డు పక్క మట్టిలోకి దింపి ప్రయత్నించండి. మధ్య డిఫరెన్షియల్ ఉన్న ఫుల్ టైమ్ బండ్లకు ఈ గొడవ లేదు, దాన్ని లాక్ చేసినప్పుడు మాత్రం ఉంటుంది.

దీనికే ఇంకో కోణం టైర్లు. ముందు రెండు కొత్తవి, వెనక రెండు అరిగినవి అయితే చుట్టుకొలతలు తేడాగా ఉంటాయి, ఫోర్ బై ఫోర్ వేసినప్పుడు తిన్నగా వెళ్తున్నా మెలిక పడుతుంది. అందుకే స్టెప్నీతో కలిపి అయిదు టైర్లనూ 8,000 కిలోమీటర్లకోసారి చోట్లు మార్చాలి. అప్పుడు అయిదూ ఒకేలా అరుగుతాయి, అవసరపడినప్పుడు స్టెప్నీ మిగతావాటితో సమానంగా నిలుస్తుంది. అలాగే బురద లేని నెలల్లోనూ నెలకోసారి మట్టిరోడ్డు మీద ఫోర్ హై, ఫోర్ లో (వేగం తక్కువ, లాగుడు ఎక్కువ ఉండే స్థితి) రెండూ వేసి కాసేపు నడపండి. వాడని లీవరే మొరాయించే లీవరు. ఫోర్ లో వేసేటప్పుడు బండి ఆగి ఉండాలి, లేదా నడక వేగంలో కదులుతుండాలి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, మాన్యువల్ అయితే క్లచ్ పూర్తిగా నొక్కి ఉండాలి.

‘టక్’ శబ్దానికి ప్రొపెల్లర్ షాఫ్టు (బలాన్ని యాక్సిల్‌కు చేర్చే పొడవాటి కడ్డీ) చివర్ల కీళ్లు, అంటే క్రాసులు చూడండి. బండి సమతలంగా ఉంచి, చక్రాల ముందూ వెనకా గట్టి అడ్డాలు పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, షాఫ్టును రెండు చేతులతో పట్టి మెలి తిప్పండి. డిఫరెన్షియల్ లోపలి గేర్లకు కొంచెం ఆట సహజం. క్రాసు గిన్నెల దగ్గర మాత్రం వెంట్రుకంత కదలిక కూడా ఉండకూడదు. గిన్నె అంచున ఎర్రమట్టి లాంటి పొడి కనిపిస్తే అది మట్టి కాదు, లోపల సూది బేరింగులు నీళ్లు తాగి తుప్పు పట్టి పొడి అవుతున్నాయని గుర్తు. అది మార్చాల్సిందే. పొడి లేకపోతే గ్రీజు ఎక్కే నిపుల్ తుడిచి, గ్రీజు గన్ పెట్టి నాలుగు గిన్నెల నుంచీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టండి. మూడు వైపుల నుంచే వస్తే నాలుగోది మూసుకుపోయినట్టు. షాఫ్టును కొంచెం తిప్పి మళ్లీ కొట్టండి. షాఫ్టు పొడవు సర్దుకునే స్లిప్ జాయింట్‌కు మాత్రం రెండు మూడు నొక్కులు చాలు, ఎక్కువ నింపితే చివరి మూతను తన్నేస్తుంది. మామూలుగా 5,000 కిలోమీటర్లకోసారి, యాక్సిల్ మునిగే నీళ్లు దాటితే ఆ వారంలోనే. క్రాసులు బాగున్నా శబ్దం పోకపోతే గేర్‌బాక్సు మౌంట్లు, కమాను బుష్‌లు, బాడీ మౌంట్లు చూడాలి.

ఇక్కడిదాకా చెప్పినవి చికాకులే. అసలు డబ్బు వదిలించేది నీళ్లు, అందుకే అక్కడ కాసేపు ఆగాలి.

వాగు దాటే ముందు వేడిగా ఉన్న యాక్సిల్ హౌసింగ్ ఒక్కసారి చన్నీళ్లలో మునుగుతుంది. లోపలి గాలి ముడుచుకుని బయటి నుంచి ఏదో ఒకటి లోపలికి పీల్చుకుంటుంది. ఆ పీల్పుకు దారి ఇవ్వడానికే హౌసింగ్ పైన బొటనవేలి గోరంత మూత ఒకటి ఉంటుంది, దాన్నే బ్రీదర్ అంటారు. అది నీళ్లలో ఉంటే దాని గుండానో, బురదతో మూసుకుపోతే ఆయిల్ సీళ్ల అంచుల గుండానో నీళ్లు లోపలికి చేరతాయి. మూసుకుపోయిన బ్రీదర్ ఎదురు దెబ్బ కూడా కొడుతుంది: రోడ్డు మీద వేడెక్కినప్పుడు లోపలి ఒత్తిడి బయటికి పోలేక ఆయిల్‌ను సీలు దాటించి తోస్తుంది. చక్రం లోపలి వైపు ఆయిల్ చారలు కనిపించి, సీలు మార్చినా మళ్లీ మళ్లీ కారుతుంటే సీలును తిట్టడం మాని బ్రీదర్ విప్పి నోటితో ఊది చూడండి. శాశ్వత పరిష్కారం ఏమిటంటే మూత తీసి, అక్కడ సరిపడే నాజిల్ బిగించి, ఆయిల్‌కు తట్టుకునే రబ్బరు గొట్టం తొడిగి, ముందుదాన్ని ఇంజను గది పైభాగానికి, వెనకదాన్ని టెయిల్ లైటు ఎత్తుకు తీసుకెళ్లి, చివర చిన్న ఫిల్టరు పెట్టడం. యాక్సిల్ కిందికి పూర్తిగా వేలాడినప్పుడు కూడా లాగకుండా గొట్టం వదులుగా ఉండాలి. గేర్‌బాక్సుకూ ట్రాన్స్‌ఫర్ కేసుకూ కూడా బ్రీదర్లు ఉంటాయి, మరవొద్దు. బండికి పెట్టే అదనపు హంగుల్లో ఇంత తక్కువ ఖర్చుకు ఇంత మేలు చేసేది ఇంకోటి లేదని నా గట్టి అభిప్రాయం.

దాటే పద్ధతి: ముందు కర్ర పట్టుకుని నడిచి లోతూ అడుగూ చూడండి. నడవడానికి భయపడే ప్రవాహంలోకి బండి దింపకూడదు. ఒడ్డున పది నిమిషాలు ఆపి యాక్సిళ్లను చల్లారనివ్వండి. తర్వాత ఫోర్ లో, మొదటి లేదా రెండో గేరు, బంపరు ముందు చిన్న అల లేచేంత వేగం, అదే వేగంతో అవతలి ఒడ్డుదాకా. మధ్యలో క్లచ్ తొక్కితే ప్లేట్ల మధ్యకు నీళ్లు చేరి జారుతుంది. ఇంజను లోతు నీళ్లలో ఆగిపోతే సెల్ఫ్ కొట్టొద్దు. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. సిలిండర్లోకి నీళ్లు వెళ్లి ఉంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఒక్క తాళం తిప్పుడుతో ఇంజను మొత్తం విప్పాల్సి వస్తుంది. బండిని బయటికి లాగి, ఎయిర్ ఫిల్టర్ తడిసిందో లేదో చూడండి. తడిసి ఉంటే పెట్రోలు బండికి స్పార్క్ ప్లగ్గులు, డీజిల్‌కు గ్లో ప్లగ్గులో ఇంజెక్టర్లో విప్పి, నీళ్లు బయటికి చిమ్మేదాకా తిప్పాకే స్టార్టు సంగతి.

దాటాక బ్రేకును తేలిగ్గా తొక్కుతూ కొంతదూరం నడిపి ఆరబెట్టండి. ఆ రాత్రి హ్యాండ్ బ్రేకు వెయ్యకుండా గేరులో పెట్టి, చక్రాలకు అడ్డాలు పెట్టి ఉంచండి. తడి షూలు డ్రమ్ముకు అతుక్కుపోయి తెల్లారి చక్రం కదలకపోవడం ఈ బండ్లలో మామూలే. మర్నాడు పొద్దున, బండి కదపకముందే, డిఫరెన్షియల్ ఆయిల్ చూడాలి. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి రాత్రంతా ఆగితే అడుగున చేరతాయి. ముందు నింపే ప్లగ్గు వదులవుతుందో లేదో చూసుకుని, అప్పుడే కింది డ్రెయిన్ ప్లగ్గు ముట్టుకోండి. ఇది తిరగేస్తే, పై ప్లగ్గు బిగుసుకుపోయి ఉంటే, ఆయిలంతా పోయిన బండి మీ చేతిలో మిగులుతుంది. డ్రెయిన్ ప్లగ్గును రెండు చుట్లు వదులు చేస్తే మొదట నీటి చుక్కలు రాలినా, ఆయిల్ పాలు కలిపిన రంగులో ఉన్నా మొత్తం మార్చాలి. ప్లగ్గు అయస్కాంతానికి బూడిదరంగు మెత్తని ముద్ద అంటుకుని ఉంటే కంగారు వద్దు, అది మామూలు అరుగుదల. వేలికి గుచ్చుకునే ముక్కలు, రేకు పెళ్లలు కనిపిస్తేనే హౌసింగ్ విప్పాలి.

మైలేజీ తగ్గుదలలో కొంత భాగం వట్టి లెక్క తేడా. 245/75 ఆర్16 టైరు తీసి 265/75 ఆర్16 వేశారనుకోండి. వ్యాసం దాదాపు 774 మిల్లీమీటర్ల నుంచి 804కు పెరుగుతుంది, అంటే సుమారు 4 శాతం. మీటరు 100 కిలోమీటర్లు చూపినప్పుడు బండి నిజంగా 104 వెళ్తుంది, కాబట్టి మీరు వేసే మైలేజీ లెక్క అంతమేరకు తక్కువ వస్తుంది. స్పీడోమీటరు 80 చూపిస్తే అసలు వేగం 83 దాకా ఉంటుందన్నదీ గుర్తుంచుకోండి. మిగతాది నిజమైన నష్టం: గరుకు గాడుల మడ్ టైర్లు, పైన ఖాళీగా తిరిగే క్యారియరు, దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టరు, బురద వల్ల పూర్తిగా వదలని బ్రేకు. చివరిదాన్ని పట్టుకోవడానికి, బ్రేకు ఎక్కువ వాడకుండా పది కిలోమీటర్లు నడిపి, నాలుగు రిమ్ముల దగ్గరా చెయ్యి ఆనించకుండా వేడి చూడండి. ఒకటి మాత్రం సెగలు కక్కుతుంటే దాని కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే భాగం) పిన్నులు శుభ్రం చేసి గ్రీజు పెట్టాలి. పేపరు ఎయిర్ ఫిల్టరును లోపలి నుంచి బయటికి, తక్కువ ఒత్తిడి గాలితో మాత్రమే ఊదండి. బయటి నుంచి ఊదితే దుమ్ము కాగితంలోకి ఇంకా దిగుతుంది.

హైవే మీద మాత్రమే ఇంజను వేడి పెరుగుతుంటే ఏసీ కండెన్సరుకూ రేడియేటరుకూ మధ్య సందు చూడండి, అక్కడ బురద పలకలు కట్టి ఉంటుంది. ఫ్యాన్ వైపు నుంచి ముందుకు, మెల్లని నీటిధారతో కడగాలి. ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు పడుకుంటాయి. ఛాసిస్ పట్టీల్లో నీళ్లు కారే రంధ్రాలు ఉంటాయి, వాటిని తీగతో పొడిచి తెరవండి. లోపల తడి మట్టి నిలిచి ఉంటే తుప్పు లోపలి నుంచే తింటుంది, బయటికి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. ఉప్పునీటి ఒడ్డుకు వెళ్తే అదే రోజు మంచినీళ్లతో అడుగంతా కడగడం తప్పనిసరి.

ఇంట్లోవాళ్ల కుదుపుల ఫిర్యాదు న్యాయమైనది. డోరు పక్కన అంటించిన టైరు గాలి పట్టికలో ఖాళీ బండికి ఒక లెక్క, నిండు బరువుకు ఇంకో లెక్క ఉంటుంది. చాలామంది ఎప్పుడూ రెండోదే పెట్టి తిప్పుతారు. ఇద్దరు ముగ్గురు ఎక్కేటప్పుడు మొదటి లెక్క పెట్టండి, తేడా వీపుకే తెలుస్తుంది. ఒక గుంత తర్వాత బండి రెండు మూడుసార్లు ఊగుతుంటే షాక్ అబ్జార్బర్లు పోయినట్టు. జాకీ, స్పానర్లు, షాకిళ్లు (తాడు తగిలించే ఇనుప కడియాలు) పాత దుప్పటిలో చుట్టి కట్టేస్తే లోపలి గలగలలో సగం అక్కడే ఆగిపోతుంది. సీటు కింద కార్పెట్ ఎత్తి తడి ఉందేమో చూడండి. ఆ ముక్కవాసన పోనంతకాలం ఎవరూ ఇష్టంగా ఎక్కరు.

కొత్తగా ఏం కొనాలన్న దానికి: ముందు నమ్మకమైన గాలి గేజి, తర్వాత బ్యాటరీ టెర్మినళ్లకే నేరుగా తగిలించే కంప్రెసరు. సిగరెట్ లైటర్ సాకెట్‌తో నడిచేవి పెద్ద టైర్లకు చాలవు, ఫ్యూజు కొట్టేస్తాయి. ఆ తర్వాత బరువు రేటింగు ఉన్న రికవరీ పాయింట్లు (ఇరుక్కున్న బండిని లాగడానికి తాడు తగిలించే చోట్లు), పార, సాగే తాడు, 4.75 టన్నుల షాకిళ్లు రెండు. ట్రెయిలర్ తగిలించే బంతికి తాడు ఎప్పుడూ వెయ్యొద్దు. అది విరిగితే ఫిరంగి గుండే, మనుషులు చనిపోయిన ప్రమాదాలు ఇలాగే జరిగాయి. తాడు మధ్యలో బరువైన దుప్పటి వేసి, తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో అందరినీ నిలబెట్టాకే లాగాలి. ఎత్తు పెంచే లిఫ్టు కిట్టు జాబితాలో ఆఖరున ఉండాలి. అది క్యాస్టరును (ముందు చక్రాల స్టీరింగ్ ఇరుసు వాలును), షాఫ్టు కోణాలను, బ్రేకు గొట్టాల పొడవును మార్చేస్తుంది. అంటే పైన చెప్పిన వణుకూ టక్కూ మళ్లీ మొదటి నుంచి తెచ్చిపెట్టుకోవడమే.

గాలి గేజి మొదట ఎందుకంటే, ఈ బండి ఇచ్చే సంతోషం సగం దానిలోనే ఉంది. 32 పీఎస్ఐతో ఇసుకలో దిగిన టైరు పారలా తవ్వుకుంటూ దిగుతుంది. అదే టైరును 18కి దించండి. పాదముద్ర పొడవు పెరుగుతుంది, పక్కగోడ కాస్త ఉబ్బుతుంది, నిమిషం కింద పొట్ట ఆనిన బండి పడవలా పైకి తేలి సాగిపోతుంది. గులకరోడ్డుకు 26-28, బురదకు 20-22 దగ్గర మొదలుపెట్టండి. 15 కంటే దించితే పదునైన మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొచ్చు. దించినంతకాలం వేగం 40 దాటకూడదు, తారు ఎక్కే ముందు మళ్లీ నింపాలి.

రెండో సంతోషం కోసం రాళ్లున్న పొడవైన దిగుడు ఒకటి వెతకండి. పైనే ఆగి, ఫోర్ లో, మొదటి గేరు వేసి, క్లచ్ పూర్తిగా వదిలి, రెండు పాదాలూ పెడళ్ల మీద నుంచి తీసి నేల మీద పెట్టండి. మొదటిసారి కాలు దానంతట అదే బ్రేకు మీదకు పోతుంది, పోనివ్వకండి. ఇంజను బండిని పట్టుకుంటుంది. ఒక్కో చక్రం ఒక్కో రాయి మీద నుంచి నెమ్మదిగా దిగుతుంటే, స్టీరింగ్‌లోంచి ఏ టైరు ఎక్కడుందో అరచేతులకు తెలుస్తుంది. బొటనవేళ్లు మాత్రం స్టీరింగ్ లోపలికి పెట్టకండి, రాయి తగిలి అది గిర్రున తిరిగితే వేలు విరుగుతుంది. ఇంట్లోవాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టి, పొద్దుటి వెలుగులో, ఆ దిగుడు ఒక్కసారి చూపించండి.

ఈ వారం పనికి వరస ఇది: రిమ్ముల లోపల బురద, క్రాసులకు గ్రీజు, నాలుగు బ్రీదర్లు, రెండు డిఫరెన్షియళ్ల ఆయిల్. ఇవయ్యాకా వణుకు మిగిలితే అది మొదలయ్యే వేగం, బ్రేకు వేసినప్పుడు పెరుగుతోందా లేదా, గుంత తగిలాకే వస్తోందా అన్నవి రాసిపెట్టుకోండి. బ్రేకుతో పెరిగితే డిస్కు, గుంతతో మొదలైతే పాన్‌హార్డ్ రాడ్, ఒకే వేగం దగ్గర వచ్చి దాటాక పోతే ఇంకా బ్యాలెన్సింగే.